ఏటికేడు వయసు పెరిగిన బొమ్మ

కరుణా,

నువ్వు ప్రభువు దగ్గరకు వెళ్లి నేటికి పన్నెండేళ్లు. నువ్వెంత బతిమాలినా, బొమ్మలు చేయకూడదన్న బైబిలు రెండో ఆజ్ఞకు విరోధమని గర్జించి నేను రాని ఎడిన్‌బర్గ్ గ్యాలరీకి ఈ ఉదయం మన అమ్మాయితో వెళ్లాను.

"డాడీ, ఇక్కడ ప్రీచింగ్ స్టార్ట్ చెయ్యకు, ప్లీజ్!" అంది.

నీకిష్టమైన ఆ పాతకాలపు స్కాటిష్ చిత్రకారుడు నేతపనివాడి కొడుకట. నేను వాక్యం చెప్పడం నేర్చుకున్నట్టే, గురువు లేకుండా బొమ్మలు నేర్చుకున్నాడట. దొరల బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్నాక భార్య చనిపోయింది. ఆ తర్వాత ఆమెనొక్కదాన్నే గీశాడు, ఏటికేడు ఒక ఏడు వయసు పెంచుతూ. చివరి బొమ్మలో ఆమె తల ముగ్గుబుట్ట.

"డాడీ, ఆర్ యూ ఓకే?"

నలభైకే వెళ్లిపోయావు నువ్వు. ప్రభువు తిరిగొచ్చి మృతుల్ని లేపే ఆ దినాన మహిమ శరీరంతో, ముడత లేకుండా లేస్తావని నమ్ముతున్నాను, అదే ప్రకటిస్తున్నాను. అయినా కరుణా, ముసలిదానివైన నిన్ను ఒక్కసారి చూడాలనుంది.