ముగ్గురు సమ్మక్కలు, ఒక్క నోట్

మంగళవారం, హన్మకొండ

ఇంకా కోపం తగ్గలేదు. పాలంపేటలో నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు రెండేళ్లుగా నా ల్యాప్‌టాప్‌లో రాసి పెట్టుకుంటున్నాను. మనిషికో నోట్, పాటకో నోట్, ఎవరి పాట వాళ్లకు లింక్. ఇవాళ తమ్ముడు కిరణ్ నన్ను అడగకుండానే అన్నీ సర్దేశాడు.

"అక్కా, సమ్మక్క అని మూడుసార్లున్నది. జర సాఫ్ చేసి ఒక్కటి చేసిన. పాతయి తీసేసిన," అన్నాడు, నేనేదో మెచ్చుకోవాలన్నట్టు.

మేడారం చుట్టుపక్కల ఇంటికో సమ్మక్క ఉంటుందని వరంగల్‌లో పుట్టినవాడికి తెలియదా? జాతరలో మొక్కుకుని కన్న ఆడపిల్లకు ఇంకేం పేరు పెడతారు? ఇప్పుడు నా దగ్గర ఒకే సమ్మక్క ఉంది. ఆమెకు ముగ్గురు భర్తలు, పదకొండు పాటలు. చనిపోయిన కూతురి మీద కట్టుకున్న పాట కూడా అందులోనే ఉంది. ఎవరి కూతురో తెలియదు. అందరూ ఒకే మడిలో వంగి పాడినవాళ్లు, ముఖాలు కూడా సరిగ్గా గుర్తులేవు.

"ఇంటిపేరన్నా రాసుకోవద్దా అక్కా," అన్నాడు పైగా. ఒళ్లు మండిపోయింది. చేసిందంతా చేసి, తప్పు నాదంటాడా?

రాసుకోలేదు. మడి గట్టున పాటలు రాసుకున్న రోజు ఇంటిపేర్లు అడిగితే ఆ సమ్మక్కల్లో ఒకామె నవ్వి, "ఊర్లె ఎవలనడిగినా నా ఇల్లు జూపిస్తరు బిడ్డా," అంది. ఆ మాటకు మురిసిపోయి మళ్లీ అడగలేదు.

రేపు పాలంపేట పోవాలి. ముగ్గురు సమ్మక్కల గడపల్లోనూ నిలబడి, చనిపోయింది నీ కూతురేనా అని అడగాలి.