నా కాళ్ల కింది రేకు

శనివారం, పడుకునే ముందు

ఈ రోజు అంబాసిడర్ లోపల అడుగు రేకు మీదున్న పాత తారు పూతంతా గీకేశాం. మెకానిక్ మస్తాన్ మంటతో వేడి చేస్తుంటే నేను ఇనుప పట్టీతో లాగాను. మా ఆయన పోయాక ఈ మూడేళ్లుగా కదలని బండి. చాలాచోట్ల పూత కింద ఇనుము గట్టిగానే ఉంది. ఆయన పక్కన నేను కూర్చునే చోట మాత్రం తుప్పు పొరలు పొరలుగా ఊడివచ్చింది. దాని మధ్యలో నూనె డబ్బా రేకు ముక్క, చుట్టూ రివెట్లు. అది ఆయన చేతిపనే.

ఒకసారి రాయదుర్గం నుంచి వానలో వస్తుంటే నా కాళ్ల కింది చిల్లులోంచి బురద చిమ్మి నా కుచ్చిళ్లన్నీ తడిసిపోయాయి. మర్నాడు ఈ రేకు బిగించాడు.

“దీన్ని కోసేయాల వదినా. తుప్పు పక్కకు పాకుతాండాది,” అన్నాడు మస్తాన్.

“అది ఉండనీ మస్తానూ.”

“ఉంచితే బండి నిలువదు. నువ్వు నడపాలనే కదా ఇంత తిప్పలు పడతాండేది?”

నిజమే. నడపడం నేర్పమని ఎన్నిసార్లు అడిగినా ఆయన రేపు అనేవాడు. చివరికి కోయమన్నాను. గ్రైండర్ ఆగేదాకా బయట నిలబడ్డాను.

సోమవారం కొత్త రేకు అతికిస్తాడట. ఆ తర్వాత స్టీరింగు ముందు కూర్చునేది నేనే. పక్కన ఆయన ఉంటే, గేరు తప్పు వేసినప్పుడల్లా తిట్టేవాడు. ఆ తిట్లు తినాలని ఎంతగా ఉందో...