చీరలో జానెడు నిద్ర

బాపూ,

ఇయ్యాల నువ్వు పోయిన దినం. అమ్మ నువ్వు నేసిన చిలుకల చీర కట్టుకున్నది. కొంగు దగ్గర చిలుకలు వంకరపోయినయని షావుకారు వాపసు చేస్తే అమ్మే ఉంచుకున్నది గదా, అదే. అది నేసిన పొద్దు తుమ్ములు ఆగక, చాయ తాగి జలుబు గోలి ఏసుకొని మగ్గం మీద కూసున్నవు.

నేను ఫార్మసీల చేరిన సంగతి నీకు తెల్వదు. మొన్న క్లాసుల ఆ గోలి గురించే చెప్పిన్రు. తుమ్ములు పుట్టిచ్చే పదార్థమే మెదడుల మనల్ని మెలకువగ ఉంచుతదట. కడుపుల కరిగిన గోలి నెత్తుర్ల కలిసి ముక్కు కాడికి పోతది, మెదడు కాడికి గూడ పోతది. రెండు జాగల్ల దాన్ని అడ్డుకుంటది, అందుకే తుమ్ములు ఆగుతయి, నిద్ర ముంచుకొస్తది. తర్వాత కార్జం ఆ మందును కొంచెం కొంచెం విరగ్గొడితే మూత్రంల పోతది. నెత్తుర్ల మందు ఎంతున్నదో సారు బోర్డు మీద గీసి చూపిచ్చిండు; ఆ గీత ఎక్కి, జరసేపు నిలబడి, నిదానంగ దిగింది.

ఇంటికొచ్చి చీర పరిచి చూసిన. మొదటి చిలుకలు సక్కగున్నయి. తర్వాత ముక్కులు జరిగినయి, తోకలు రెక్కలల్ల కలిసినయి. జానెడు దాటినంక మళ్ల సక్కగైనయి.

"గోలి ఈడ ఎక్కింది, ఈడ దిగింది" అని అమ్మకు చూపెట్టిన.

"నిద్ర ఆపుకుంట నేసిండా" అని అమ్మ ఆ జానెడు మీద చెయ్యి పెట్టింది.

ఇయ్యాల పొద్దుగాల ఆ వంకర చిలుకలే భుజం మీదికి వచ్చేటట్టు కట్టుకున్నది. నేను పిన్ను పెట్టబోయిన.

"మెల్లగ పెట్టు బిడ్డా, మీ బాపు పండుకున్నడు ఆడ" అన్నది.