ఏ చేతికైనా సరిపోయేవి

వదినగారికి,

మీరు పంపిన చేతి తొడుగులు అందాయి. నా వేలికి కుట్లు తీసేశారు, కంగారు పడకండి. కత్తి పట్టే చేతికి వేసుకోమని ఫోన్‌లో ఒకటే చెప్పారు. కాదు వదినగారూ, తెగేది కూరగాయను పట్టుకున్న చెయ్యి. తొడుగు దానికే వెయ్యాలి. ఈ సంగతి నాకు నేర్పింది మీ చెల్లెలే.

తనది ఎడమచేతి వాటం కదా. అందుకని మా ఇద్దరికీ కలిపి ఒక్క జతే సరిపోయేది. ఎడమ తొడుగు నాది, కుడిది తనది. పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంటే మోచేతులు తగిలేవి. "కాస్త జరగండి, వంటిల్లంతా మీదేనా?" అని కసిరేది. ఇప్పుడు వంటిల్లంతా నాదే.

తను పోయాక నా తొడుగు చిరిగింది. చిరిగిన చోటే వేలు తెగింది. కుడిది బాగానే ఉందిగా, తిప్పి వేసుకోవచ్చుగా అంటారేమో. దానికి అరచేతి వైపు రబ్బరు పూత ఉంది, తిప్పితే వెనక్కి పోతుంది. అదీ కాక, అది నాది కాదు.

మీరు పంపినవి గట్టివే. వేళ్లకు చక్కగా పట్టాయి, ఎక్కడా వదులు లేదు. ఏమీ అనుకోనంటే, వీటిని మార్చి కుడి ఎడమలు వేరుగా ఉన్న జత ఇప్పిస్తారా? ఇవి ఏ చేతికైనా సరిపోయే రకం. వాడేది ఒకటే అయినా రెండూ ఉతికి ఆరేస్తున్నాను. పొద్దున్నే తీగ మీద చూస్తే, వీటిలో తనది ఏదో తెలియడం లేదు.

మీ మరిది