అడుగున గీకిన మాడు

అమ్మా,

ఈ వేళ నువ్వు పోయిన తిథి. గాలివానకు మన తోటలో రాలిన చిన్నరసాలు గడ్డిలో ముగ్గాయి. ఐదో నెల కడుపుతో వచ్చిన నా కూతురు శిరీష, "అమ్మమ్మ చేసే మామిడిపండు హల్వా చెయ్యమ్మా" అంది. నీకు నేను కొనిపెట్టిన నాన్‌స్టిక్ బాణలి అటక మీంచి దించాను.

లోపలి నల్ల పూత సగం లేదు. హల్వా దగ్గరపడ్డాక ఇనప అట్లకాడతో అడుగంతా గీకేదానివి. నల్లటి పెచ్చులు కనిపిస్తే "మాడేనే, ఏం కాదు" అని నాకూ శిరీషకీ చెరో ముద్ద పెట్టేదానివి. అడుగుది నాకంటే నాకని పోట్లాడుకునేవాళ్లం.

బాణలి చూసి శిరీష మొహం పాలిపోయింది. ఇలాంటి పూతల్లో వాడిన కొన్ని రసాయనాలు ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉండిపోతాయట, తల్లి నుంచి కడుపులో బిడ్డకీ చేరతాయట.

"మనం తిన్నదాంట్లో అవి ఉన్నాయా అమ్మా?" అంది.

నాకేం తెలుసు? నునుపుగా ఉందనే కొన్నాను.

స్టీలు గిన్నెలో వండాను. అడుగు కొంచెం నల్లబడింది. "మాడేనే, ఏం కాదు" అన్నాను.

ఈసారి అది నిజంగా మాడే. అయినా శిరీష ముట్టుకోలేదు. నీ ఫొటో ముందు ఆకులో వెయ్యడానికి నాకూ చెయ్యి రాలేదు.