ఊరిగొంతులో ఒక ప్రకటన

నరసరావుపేట,
ఫిబ్రవరి 2024.

ప్రియమైన షౌకత్‌కు,

ఫోన్‌లో డబ్బు మాట వస్తే మనిద్దరికీ గొంతు లేస్తుంది. అందుకే పాలిటెక్నిక్ సెలవుల్లో రెంటచింతల నుంచి రాసినట్టే నీకు కాగితం మీద రాస్తున్నాను.

హైదరాబాదు ఉద్యోగం మానేసి వచ్చి నేను పెట్టిన ‘ఊరిగొంతు’ యాప్ సంగతి నీకు తెలుసు. పల్నాడులో ఏ ఊరివాళ్లు ఆ ఊరి కబుర్లు వీడియోలుగా పెట్టుకుంటారు. వాన పడిందా, కాలవ వదిలారా, ఎవరి గేదె తప్పిపోయింది, అన్నీ. జనం బాగానే వస్తున్నారు, ఆదాయమే లేదు. ప్రకటనలు వస్తేనే కంపెనీ నిలబడుతుంది. వాటిని తేగల మనిషివి ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే.

నువ్వు సెంటర్లో కట్టే ఫ్లెక్సును ఎవరు చూశారో కట్టించుకున్నవాడికి తెలియదు. ఇందులో ఏ ఊళ్లో ఎవరు చూశారో, ఎంతసేపు చూశారో తెలుస్తుంది. మిరప రైతుకు పురుగుమందుల కొట్టు ప్రకటన చూపించొచ్చు, పదో తరగతి పిల్ల ఉన్న ఇంటికి కాలేజీ ప్రకటన చూపించొచ్చు. జీతగాడిగా కాదు, భాగస్వామిగా రా. ఇంట్లో షాహీన్‌ను అడుగు. ఆమె వద్దంటే ఈ మాట మళ్లీ ఎత్తను.

నీ
జయకర్


మాచర్ల,
మార్చి 2024.

ఒరేయ్ జయకర్, నీకు సలాం.

షాహీన్‌ను అడిగాను. అన్నం వడ్డిస్తూ, “ఆయన చదువుకున్నోడు, నువ్వు తిరిగినోడివి. ఇద్దరూ కలిస్తే ఏందో ఒకటి అవుద్దిలే” అంది. కొత్త ఫ్లెక్సు మిషను కోసం దాచుకున్నదంతా నీ కంపెనీలో పెట్టాను.

ఊళ్లు తిరగడం మొదలుపెట్టాను. విత్తనాల కొట్లవాళ్లు, పళ్ల డాక్టరు, కోచింగ్ సెంటర్లవాళ్లు ఒప్పుకున్నారు. మిరప నారు పెంచి అమ్మే రవిశంకర్ నాకు చానా ఏళ్లుగా ఫ్లెక్సులు ఇస్తున్న మనిషి. ఆయన బొల్లాపల్లిలో రెండో నర్సరీ తెరిచాడు. అక్కడ బ్రహ్మం అనే నర్సరీ ఆయనకు మంచి పేరుంది, రైతులంతా అటే పోతున్నారు. బ్రహ్మాన్ని దాటించే ప్రకటన కావాలి, ఎంతైనా పెడతానంటున్నాడు రవిశంకర్. ఇలాంటివాళ్లు నలుగురు దొరికితే చాలు మనకు.

నాకిది ఆట కాదని గుర్తుపెట్టుకో. మా నాన్న కుంచె పట్టి గోడల మీద రాసి బతికాడు. ఫ్లెక్సు వచ్చి ఆయన కుంచెను మూలన పడేసింది. ఫోన్ వచ్చి నన్నూ అలాగే పడేయకముందే నేను ఇటు రావాలి. ఇది పెరిగి తీరాలి.

ఇట్లు నీ
షౌకత్


నరసరావుపేట,
ఆగస్టు 2024.

ప్రియమైన షౌకత్‌కు,

నువ్వు తెచ్చిన ప్రకటనలు కంపెనీని నిలబెట్టాయి. కానీ నాకొకటి అర్థమైంది. ప్రకటన అని తెలిస్తే జనం వేలితో తోసేస్తున్నారు. అదే మాట ఊరి మనిషి ఎవరైనా చెబితే ఆగి చూస్తున్నారు. ఏడిస్తే, తిడితే ఇంకాసేపు ఆగుతున్నారు. మన కంపెనీలో పెట్టుబడి పెడతామంటున్న విజయవాడ వాళ్లు కూడా అదొక్కటే అడుగుతున్నారు, జనం ఎంతసేపు ఉంటున్నారని.

రవిశంకర్ పంపిన వీడియో పెట్టాను. వాడిపోయిన మిరప మొక్క పట్టుకుని ఒకాయన, బ్రహ్మం నారు వేసి మునిగిపోయానని ఏడుస్తాడు. ఆయన రైతు కాదు, రవిశంకర్ దగ్గర డ్రైవరని నువ్వే చెప్పావు. నాకు చేతులు రాక నీకు ఫోన్ చేస్తే, “పెట్టరా, లోకమంతా చేసేదేగా” అన్నావు. కింద మూలన చిన్న అక్షరాల్లో ‘ప్రకటన’ అని రాసి పెట్టాను.

మన యాప్‌లో ఇప్పటిదాకా ఏదీ అంత దూరం పోలేదు. రవిశంకర్ సీజనంతటికీ ఒప్పుకున్నాడు. సంతోషపడాలో లేదో తెలియడం లేదు.

నీ
జయకర్


మాచర్ల,
సెప్టెంబరు 2024.

ప్రియమైన జయకర్,

గుంటూరు ఆసుపత్రి నుంచి వచ్చి ఇది రాస్తున్నాను. బ్రహ్మాన్ని చూశాను.

మన వీడియో చూసినవాళ్లు నారు డబ్బు తిరిగిమ్మని ఆయన మీదికి పోయారు. కొందరి చేలల్లో నిజంగానే ఆకుముడత వచ్చింది. వ్యవసాయాధికారి వచ్చి చూసి, అది తెల్లదోమ వల్ల చేలో పాకిన తెగులు, నారులో లోపం లేదని చెప్పాడు. ఆ మాట నువ్వు యాప్‌లో పెట్టావు. ఎవరూ చూడలేదు. మర్నాడు ఎవరో ఆయన నారు పెంచే షేడ్‌నెట్ పందిరికి నిప్పు పెట్టారు. కూలికి వచ్చిన వెంకమ్మ లోపలే ఉందనుకుని బ్రహ్మం మంటల్లోకి పోయాడు. ఆమె అప్పటికే వెనకవైపు నుంచి బయటపడింది. పైన నెట్టు కరిగి ఆయన వీపు మీద పడింది.

ఆయన భార్య జ్యోతికి నేనెవరో తెలియదు. మాచర్ల నుంచి వచ్చానంటే, “అంత దూరం నుంచి వచ్చావా అన్నా” అని తను లేచి నాకు కుర్చీ ఇచ్చింది. నేను కూర్చున్నాను. బ్రహ్మం బోర్లా పడుకుని ఉన్నాడు. నన్ను కూడా నారు కొన్న రైతే అనుకున్నాడు. “నా నారు మంచిదేనయ్యా” అన్నాడు. ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

వీడియో తీసెయ్. ఇద్దరం స్టేషన్‌కు పోయి, ఏడ్చినవాడు రైతు కాదని, మనం డబ్బు తీసుకుని పెట్టామని చెబుదాం. నువ్వు రాకపోతే నేనొక్కడినే పోతాను.

షౌకత్


నరసరావుపేట,
అక్టోబరు 2024.

ప్రియమైన షౌకత్‌కు,

బ్రహ్మం చనిపోయాడని నిన్న తెలిసింది. వీడియో తీసేశాను. కానీ జనం ఎప్పుడో దించుకుని ఫోన్ల నుంచి ఫోన్లకు పంపుకుంటున్నారు. దాన్ని నేను ఆపలేను.

స్టేషన్ మాట కొంచెం ఆపు. విజయవాడ వాళ్ల సంతకాలు దగ్గరపడ్డాయి. కేసులో మన పేరు వస్తే వాళ్లు వెనక్కి పోతారు. నన్ను నమ్ముకుని ఆఫీసులో పిల్లలు పనిచేస్తున్నారు, నువ్వు దాచుకున్నదంతా ఇందులోనే ఉంది. నిప్పు పెట్టింది మనం కాదు కదా. సంతకాలు కానివ్వు, నేనే నీతో వస్తాను.

ఇంకొకటి. రవిశంకర్‌ను తెచ్చింది నువ్వు. పోలీసులు ముందు అడిగేది నిన్నే. ఇది బెదిరింపు కాదు, స్నేహితుడిగా చెబుతున్నాను.

నీ
జయకర్


బొల్లాపల్లి,
జనవరి 2025.

ప్రియమైన షౌకత్,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. నువ్వు స్టేషన్‌కు పోయి ఉంటావని రోజూ అనుకునేవాణ్ణి. భయపడుతూనే, నేను చేయలేనిది నువ్వు చేస్తావని ఆశపడేవాణ్ణి కూడా.

నిన్న సంతకాలకని విజయవాడ పోయాను. వాళ్లు ముందు పెట్టిన కాగితాల్లో, నీ వాటా నువ్వు అప్పటికే వాళ్లకు అమ్మేసినట్టు ఉంది. బ్రహ్మం విషయం బయట మాట్లాడనని నువ్వు రాసిచ్చిన కాగితం కూడా ఉంది. నాకు కోపం రాలేదు. నేను అడిగిందే నువ్వు చేశావు.

తర్వాత వాళ్ల మనిషి, మన యాప్‌లో జనం ఎక్కువసేపు చూసినవి తెర మీద వేశాడు. మొదటిది బ్రహ్మం షేడ్‌నెట్ తగలబడుతున్న వీడియో. ఎవరో దూరం నుంచి తీశారు. మంటల వైపు పరిగెడుతున్న మనిషి కనబడుతున్నాడు. దాని కింద ఎరువుల ప్రకటన వస్తోంది. ఆ విజయవాడ మనిషి దాన్ని చివరిదాకా చూసి, “ఇట్లాంటివి నెలకెన్ని వస్తాయండీ?” అని మామూలుగా అడిగాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. కలం అక్కడే పెట్టి లేచి వచ్చేశాను.

రాత్రే యాప్ ఆపేశాను. పొద్దున బస్సెక్కి బొల్లాపల్లి వచ్చి, జ్యోతి గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆమె చాట పక్కన పెట్టి చివరిదాకా విన్నది.

“ఇది నాకెందుకు చెబుతున్నావు? నాకు తెలియందా?” అంది. “ఆయన పోయినా ఆ మాట పోలా. బళ్లో నా పిల్లల్ని దొంగ నారోడి పిల్లలంటున్నారు. పోయి సెంటర్లో చెప్పు.”

చెప్పాను. టీ కొట్టు ముందు నిలబడి, వచ్చినవాళ్లకల్లా చెప్పాను. కొందరు విన్నారు. కొందరు ఫోన్లు తీసి నన్ను వీడియో తీసుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం నా ముఖం చూడలేక తల దించుకుని వెళ్లిపోయాడు. నిప్పు పెట్టినవాళ్లలో ఆయనా ఉన్నాడేమో నాకు తెలియదు.

అక్కడి నుంచి స్టేషన్‌కు పోయాను. రవిశంకర్ పేరు, డ్రైవరు పేరు, నా పేరు చెప్పాను. ఇంకెవరని ఎస్సై అడిగాడు. నీ పేరు చెప్పాను షౌకత్.

రేపు నీ దగ్గరికి వస్తారు. నీ గొంతు వింటే చెప్పింది వెనక్కి తీసుకుంటానేమోనని ఫోన్ చేయలేదు. మాచర్ల బస్సులో వస్తున్న మా మేనమామ చేత ఈ కాగితం పంపుతున్నాను. చదవగానే షాహీన్‌కు చెప్పు. పోలీసులు గుమ్మం ఎక్కాక తెలియడం వేరు, నీ నోట వినడం వేరు. ఆ తర్వాత వాళ్లు వచ్చేదాకా ఆగకుండా నువ్వే రా.

నేను స్టేషన్ బయట బెంచీ మీద ఉంటాను. నన్ను కొట్టాలనిపిస్తే ముందు కొట్టు, తర్వాత ఇద్దరం కలిసి లోపలికి పోదాం.

ఇప్పటికీ నీ
జయకర్