పొట్టి బేసు గిటారు

ఏమప్పా, సంగటి గిన్నెలో ఉండాది. పప్పు వేడి చేసుకో. తిన్నాకనే మాత్ర మింగు. నిన్ను లేపకుండా ఈ చీటీ రాసిపెట్టి నేను టైలరింగు షాపుకు పోతాండా.

మధ్యాహ్నం మీ ఆర్కెస్ట్రా ఓబుళేశు బద్వేలు నుంచి ఒక పాత బేసు గిటారు తెస్తాండాడు. మెడ పొట్టిదంట, వేళ్లు అంత దూరం చాపే పని లేదంట. చౌకగానే ఇస్తాడంట. తలుపు తియ్యకుండా పండుకోవద్దు. కొనేది, కొననిది నీ ఇష్టం. ఒకతూరి ఒళ్లో పెట్టుకోని చూడు.

పక్షవాతం వచ్చిన ఎడమ చెయ్యి మళ్లీ మామూలు అయితాదని కాచుకోని ఉండావు. పొట్టిది ఇంట్లోకొస్తే, నువ్వు ఆర్కెస్ట్రాలో వాయించిన పెద్ద గిటారు ఇంక గోడ మీద నుంచి దిగదని నీ భయం. నాకు తెలీదనుకున్నావా? దసరాకు కుట్టుమిషనుకు, బండికి బొట్టు పెట్టి ఆ పెద్దదాని దగ్గరికి పోతే, "దానికొద్దులే, అది ఇంక పనిముట్టు కాదు" అంటివి. వంటింట్లోకి పోయి ఏడిస్తి. నువ్వు రాలేదు.

నిన్న రాత్రి నా పక్కన నువ్వు నిద్రలో ఉంటే నీ ఎడమ చేతి వేళ్లు నా చెయ్యి మీద పాట వాయించినట్ల ఆడినాయి. రెండే ఆడినాయి. మేలుకుంటావని నేను కదల్లేదు.

జ్యోతి

పెద్దదానికి ఇప్పుడే బొట్టు పెట్టినా. తుడపాకు.